ఒకటో నెంబరు శోకం

ఆ పాట మీరూ విన్నారు. వినలేదని బుకాయించకండి. పెళ్ళి ఊరేగింపులో విన్నారు, షేర్ ఆటోలో విన్నారు, మీ పాప స్కూలు వార్షికోత్సవంలో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతూ విన్నారు. 'గొళ్ళెం తీయవే పిల్లా' అని మొదలవుతుంది. ముప్పై ఏడో సెకనులో డప్పు ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకుంటుంది. అక్కడ మీ చేతి మీద వెంట్రుకలు లేచాయి. ఇంట్లో ఎవరో పోయారు, అందరికీ తెలుసు, మీకొక్కరికే ఇంకా చెప్పలేదు అన్నట్టు ఒక భయం పట్టుకుంది. వెంటనే ఇంటికి ఫోను చేశారు. అంతా బాగానే ఉన్నారు. హమ్మయ్య అనుకుని మళ్ళీ అదే పాట పెట్టుకున్నారు.

దానికి జడుపు పాట అని పేరు పెట్టింది మీరే. భయమేస్తోంది, భయమేస్తోంది అంటూనే ఊరూరా మోగించింది కూడా మీరే. దాన్ని తయారుచేసిన నలుగురిలో నేనొకదాన్ని. నాకు మీ మీద ఏమాత్రం జాలి లేదు. నా మీద అంతకన్నా లేదు.

నా పేరు ఝాన్సీ. హైదరాబాదులో మణికొండ దాటాక ఒక ఫర్నిచర్ షోరూం పై అంతస్తులో మా ల్యాబ్ ఉండేది. మా సార్ విశ్వంభర్ శబ్దశాస్త్రంలో పెద్ద చదువు చదివినవాడు. మాట మహా మెత్తన. ల్యాబ్ ఊడ్చే ఆమెను కూడా 'గారూ' అనేవాడు. ఒక పాటల కంపెనీ ఆయనకి ఒకటే పని అప్పజెప్పింది. జనం ఒకసారి విని వదిలెయ్యలేని పాట ఎలా ఉంటుందో కనిపెట్టాలి.

అందుకోసం ఆయన చేసింది రోమపట్టీ. గడియారంలా ముంజేతికి కట్టుకుంటారు. లోపలున్న చిన్న కెమెరా చేతి మీద ఎన్ని వెంట్రుకలు లేచాయో, ఎంతసేపు నిలబడ్డాయో చూసి ఒక అంకె చెబుతుంది. ఆ అంకెలకి మేం సరదాగా గగుర్లు అని పేరు పెట్టుకున్నాం. మంచి పాటకి ఐదారు గగుర్లు వచ్చేవి. వందమంది కలిసి భజన చేస్తే పది. అక్కడితో సరి. ఏడాది పాటు ఎన్ని పాటలు వినిపించినా పది దాటలేదు. సార్ మొహం రోజురోజుకీ పీక్కుపోతోంది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను నోరు జారాను.

"మా అమ్మ శోకం పెట్టిందంటే మీ పట్టీ పగిలిపోద్ది సార్" అన్నాను. ఉత్త గొప్పలకి పోయి అన్నమాట.

మాది చీరాల. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు, అమ్మ అంకమ్మ నూలు కండెలు చుట్టేది. మా పేటలో ఎవరు పోయినా శవాన్ని లేపే ముందు ఎవరో ఒకరు "అంకమ్మ వచ్చిందా?" అని అడిగేవాళ్ళు. అమ్మ వచ్చి కూర్చుని, పోయినవాళ్ళు తనకి ఏ వరస అవుతారో ముందు కనుక్కునేది. అన్నా, బావా, వదినా అన్నది తేలందే నోరు తెరిచేది కాదు. వరస తేలాక ఇక రాగం అందుకునేదంటే, కోపతాపాలతో ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి ఏడిచేవాళ్ళు. చిన్నప్పుడు నాకు అది సిగ్గుగా ఉండేది. హైదరాబాదు వచ్చాక గొప్ప అయింది.

సార్ చెంచా కింద పెట్టాడు. "అమ్మగారిని ఒకసారి ఇక్కడికి పిలుద్దామా ఝాన్సీ గారూ?"

ఆ సాయంత్రం అమ్మకి ఫోను చేశాను. "ఎవురు పోయారే?" అంది కంగారుగా. ఎవరూ పోలేదు, ఊరికే రికార్డు చేసుకుంటాం అన్నాను.

"ఎవురూ చావకుండా శోకాలు పెట్టమంటావా? నోరు ముయ్యి. దీపాలు పెట్టే యేళ ఆ మాటలేంది?" అని పెట్టేసింది.

అది జరిగిన మూడు నెలలకి నాన్న పోయాడు. పొద్దున్నే మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు ఒరిగిపోయాడట. సెలవు కోసం సార్‌కి ఫోను చేశాను. ఆయన చాలాసేపు ఓదార్చాడు. తర్వాత, "తప్పుగా అనుకోకండి. మీకు అభ్యంతరం లేకపోతేనే. డ్రాయర్లో చిన్న రికార్డర్ ఉంది" అన్నాడు.

అభ్యంతరం ఉందని అనడానికి నాకు నోరుంది. అనలేదు. ల్యాబ్‌కి వెళ్ళి, డ్రాయరు తీసి, రికార్డరు చున్నీ కింద గుండెల దగ్గర పిన్ను పెట్టుకుని, అప్పుడు బస్సెక్కాను. నాన్న పోయిన రోజున నేను చేసిన మొదటి పని అది.

మా ఇళ్ళల్లో ఆనవాయితీ తెలిసిందే. చావింటికి ఏ ఆడమనిషి కొత్తగా వచ్చినా ఇంటామెను వాటేసుకుంటుంది, ఇద్దరూ కలిసి మళ్ళీ మొదట్నించీ ఏడుస్తారు. అప్పటిదాకా కళ్ళు తుడుచుకుని కూర్చున్న మనిషి, గడపలో కొత్త మొహం కనపడగానే రాగం అందుకుంటుంది. నేను గడప ఎక్కగానే అమ్మ లేచి వచ్చి నన్ను వాటేసుకుంది. "మీ నాయన నిన్ను చూడకుండానే పోయాడే తల్లో" అంటూ అందుకుంది. నా తర్వాత సాయంత్రం లోపల ఇరవై రెండు మంది ఆడవాళ్ళు వచ్చారు. అమ్మ ఇరవై రెండు సార్లూ ఏడిచింది. నేను పక్కనే కూర్చుని, బ్యాటరీ ఎంత ఉందో చున్నీ పక్కకి లాగి రెండుసార్లు చూసుకున్నాను. నాకు ఏడుపు రాలేదు. రికార్డింగులో నా ఏడుపు అడ్డం పడుతుందని ఆపుకున్నాను, తర్వాత తీరిగ్గా ఏడవచ్చు అనుకున్నాను.

ఒకే మనిషి, ఒకే దుఃఖం, ఒకే రోజు, ఇరవై మూడు సార్లు. సార్ ఆ ఫైళ్ళు చూసి చేతులు జోడించాడు. "ప్రపంచంలో ఏ ల్యాబ్‌కీ ఇలాంటి శాంపిల్స్ దొరకవు" అన్నాడు.

శోకంలో మాటలు తీసేశాం. రాగం తీసేశాం. వాక్యం అయిపోయి ఊపిరి లోపలికి లాగేటప్పుడు గొంతులో పలికే జీర ఒకటి మిగిలింది. అర సెకను కూడా ఉండదు. మనుషుల్ని కదిలించేది అదే. రెండో నెంబరు నుంచి ఇరవై మూడో నెంబరు దాకా ఏ జీర వినిపించినా పాతిక గగుర్లు వచ్చాయి, వినేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒకటో నెంబరు మాత్రం వేరే రకం. నలభై గగుర్లు. కళ్ళల్లో చుక్క నీరు లేదు. విన్నవాళ్ళు కుర్చీలో వెనక్కి జరిగారు.

"ఇదెందుకు సార్ ఇలా ఉంది?" అని అడిగాను.

"మీరు వాటేసుకున్నప్పటిది కదా. మైకు గొంతుకి బాగా దగ్గరగా ఉంది" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

ఒక మామూలు డాన్సు పాటలో, డప్పు కింద, నాలుగు చోట్ల ఒకటో నెంబరు జీరని చాలా సన్నగా పరిచాం. పన్నెండు మంది కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి వినిపించాం. పాట అయిపోగానే ఒకమ్మాయి లేచి, బయట బుట్టలో పెట్టించిన తన ఫోను అడిగింది. అమ్మకి చెయ్యాలంది. తర్వాత ఇంకొకతను. ఐదు నిమిషాల్లో తొమ్మిది మంది వరండాలో నిలబడి ఇంటికి ఫోన్లు చేస్తున్నారు. 'ఏం లేదమ్మా, ఊరికే చేశా' అంటున్నారు. అందరూ లోపలికి వచ్చి, చేతులు రుద్దుకుంటూ, నవ్వుకుంటూ, ఆ పాట ఇంకోసారి పెట్టమన్నారు. ఏమీ లేదని మళ్ళీ రుజువు కావాలి కదా. చూడటానికి వచ్చిన పాటల కంపెనీ మనిషి పట్టీల అంకెల వంక చూడనేలేదు. వరండా వంకే చూస్తున్నాడు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. వెంట్రుకలు లేచిన చేతుల్ని వీడియోలు తీసి పెట్టారు. చంటిపిల్లలకి వినిపించి వాళ్ళు జడుసుకుంటుంటే పగలబడి నవ్వారు. ఆ పాట రాగానే అన్నం తినడం మానేసే ముసలాళ్ళని 'చాదస్తం' అన్నారు. నేనూ ఆ వీడియోలు చూసి మురిసిపోయాను, మా అమ్మ గొంతు అది అని లోలోపల. అమ్మకి మాత్రం చెప్పలేదు.

ల్యాబ్‌లో ప్రతి సోమవారం పొద్దున పట్టీలు సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా అని మా మీదే పరీక్షించుకునేవాళ్ళం. రెండో నెంబరు జీర విని అంకె రాసుకోవడం. మొదట్లో నాకు ఇరవై ఆరు వచ్చేది. తర్వాత పంతొమ్మిది. ఎనిమిది. రెండు. ఒక సోమవారం సున్నా వచ్చింది. కెమెరాకి దుమ్ము పట్టిందనుకుని తుడిచాను. సున్నా. ఇంకో పట్టీ కట్టుకున్నాను. సున్నా. పక్క సీటు నరహరి తొంగి చూసి, "నాకు ఆర్నెల్ల నుంచీ అంతే" అన్నాడు.

ఆ శీతాకాలం నరహరి మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చన్నీళ్ళు, సినిమా పాటల ఊసు లేదు. ల్యాబ్‌కి కూడా రాలేదు. మాల తీసి వచ్చిన సోమవారం పట్టీ కట్టుకుంటే ఇరవై రెండు వచ్చింది. ఆ జీర వింటూ వాడు టేబుల్ మీద తల పెట్టుకుని ఏడిచాడు. నాలుగు నెలల క్రితం పోయిన చెల్లెలు గుర్తొచ్చిందన్నాడు. ఆమె పోయినప్పుడు తను ఏడవనేలేదన్నాడు. అంటే విషయం తేలిపోయింది. అమ్మ జీర, ఏ నెంబరుదైనా సరే, పదే పదే చెవిన పడితే మనిషికి ఏడుపు మొద్దుబారిపోతుంది. పాటకే కాదు, నిజం చావుకి కూడా. నలభై ఒక్క రోజులు చెవిన పడకపోతే తిరిగి వస్తుంది.

ఇదంతా కాగితం మీద పెట్టి సార్ గదిలోకి వెళ్ళాను. రెండు రాష్ట్రాల్లో ఆ పాట చెవిన పడకుండా ఒక్క రోజు గడిపే మనిషి ఉన్నాడా అని అడిగాను. మా అపార్టుమెంట్లో ముందు వారం ఒక పెద్దాయన పోతే కొడుకులూ కోడళ్ళూ కుర్చీల్లో కూర్చుని కాఫీలు తాగారు, అందరూ వాళ్ళ గుండె నిబ్బరాన్ని మెచ్చుకున్నారు, అది నిబ్బరం కాదు సార్, మనం చేసిన పని అన్నాను.

ఆయన కాగితం మొత్తం చదివాడు. "నాకూ ఏడాది నుంచీ సున్నానే ఝాన్సీ గారూ. హాయిగా ఉంది" అన్నాడు. "ఏడవకపోతే ఏం పోయింది చెప్పండి? ప్రశాంతంగా సాగనంపుతున్నారు. ఇది బయట పెట్టకండి. అన్నట్టు నరహరి గారి సంగతి మంచి ఆలోచన ఇచ్చింది. మాలలో ఉన్నవాళ్ళూ వినేలా కార్తీకమాసానికి ఒక భజన పాట కూడా చేద్దాం."

ఆ కుర్చీ ఎత్తి ఆయన నెత్తిన వెయ్యాల్సింది. బ్యాగు తీసుకుని బయటికి వచ్చేశాను. చాలా మర్యాదగా తలుపు కూడా దగ్గరగా వేశాను.

అదే నెలలో అమ్మకి గుండె వాల్వు పాడయిందని తెలిసింది. ఆపరేషనుకి ఒళ్ళు తట్టుకోదన్నారు. రెండు నెలలో, మూడు నెలలో అన్నాడు డాక్టరు. ఉద్యోగం వదిలేసి చీరాల వెళ్ళిపోయాను.

అమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని, పక్కింటి సీతారావమ్మ పిన్నితో మాట్లాడుతోంది. పిన్ని వెళ్ళిపోయాక అంది.

"ఈ పేటలో ఎంతమందికి ఏడ్చానే నేను. నాకెవురున్నారు? నువ్వొక్కదానివే. నన్ను లేపేటప్పుడు నువ్వు శోకం పెట్టాల. నాకింకేం వద్దు."

నేను తల ఊపాను. ల్యాబ్ నుంచి వచ్చేటప్పుడు విప్పకుండా తెచ్చుకున్న చేతి పట్టీ చూసుకున్నాను. సున్నా. నాన్న పోయిన నాటి నుంచి తీరిగ్గా ఏడుద్దామని దాచుకున్న ఏడుపు ఎక్కడా లేదు. అమ్మ రెండు నెలలు ఉంటుంది. నాకు నలభై ఒక్క రోజులు కావాలి. లెక్క సరిపోతుందనుకున్నాను. ఆ రోజు నుంచి నాకు అదొక్కటే యావ. అమ్మకి మందులు ఇచ్చినా, జావ కాచినా, మనసంతా చెవుల మీదే.

తొమ్మిదో రోజు పక్క వీధిలో పెళ్ళి ఊరేగింపు వచ్చింది. తలుపులు మూశాను, వేళ్ళు చెవుల్లో పెట్టుకున్నాను. డప్పు గోడల్లోంచి వచ్చింది. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. కొత్త లెక్కలో పదహారో రోజు ఆసుపత్రి వరండాలో అమ్మని చక్రాల కుర్చీలో తోసుకెళ్తుంటే ఎవరి జేబులోనో ఫోను మోగింది. అదే పాట. అతని మీద పడి చొక్కా పట్టుకున్నాను. జనం విడదీశారు. "ఆ పిల్లకి తల్లి బెంగతో మతి చెదిరింది" అన్నారు. బెంగ ఉంటే ఈ తిప్పలెందుకు?

ఇక లాభం లేదని విమానాల దగ్గర పనిచేసేవాళ్ళు పెట్టుకునే చెవి డిప్పలు తెప్పించుకున్నాను. అవి పెట్టుకుంటే పక్కన బాంబు పేలినా తెలియదు. స్నానానికి తప్ప తీసేదాన్ని కాదు. అమ్మకి ఏదన్నా కావాలంటే చెయ్యి ఊపేది. వారం రోజులు చూసింది. ఎనిమిదో రోజు మంచం పట్టె మీద చేత్తో కొట్టి, దగ్గరికి రమ్మని, నా చెవి మీది డిప్ప తనే లాగేసింది.

"ఏందే ఇయ్యి? చచ్చేదాని మాట కూడా వినపడకూడదా నీకు?"

కిటికీలు మూసి ఉన్నాయా లేదా అని ముందు చూసుకున్నాను. అప్పుడు చెప్పాను. ల్యాబ్ సంగతి, పట్టీ సంగతి, సున్నా సంగతి. అన్నీ చెప్పి చివరికి, నాన్న పోయిన రోజు రికార్డరు పెట్టుకొచ్చానని, ఆ గొళ్ళెం పాటలో ఉన్నది నీ గొంతేనని చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తెలుసు" అంది అమ్మ.

"ఏం తెలుసు?"

"నిన్ను వాటేసుకుంటే నా రొమ్ముకి గట్టిగా తగిలింది. తల వంచి చూస్తే చున్నీ కింద ఎర్ర లైటు ఎలగతా ఉంది. ఫోనుల్లో పట్టుకోటం నేను ఎరగనిదా? అంతకు ముందు శోకం పెట్టమని అడిగావు గదా. అర్థమయింది."

"మరి ఏమీ అనలేదేంటమ్మా?"

"శవం ముందర ఏమంటా?" అమ్మ ఊపిరి అందక కాసేపు ఆగింది. "తర్వాత పాటొచ్చింది. పెళ్ళోళ్ళు మోగించుకుంటా పోతన్నారు. నా ఊపిరి నాకు తెలవదా? తలుపేసుకున్నా. మొన్న రాఘవులు తల్లి పోతే శోకం మొదలుపెట్టా. పిల్లలు కిసకిసా నవ్వి గొళ్ళెం పాట గొళ్ళెం పాట అన్నారు. పెద్దోళ్ళు ఎవురూ కళ్ళు తుడుచుకోలా. లేచొచ్చేశా. మళ్ళా ఏ చావుకీ పోలా."

"ఆ మొదటిసారి నాన్న కోసం అంతగా ఏడిచావు. అందుకే ఆ జీర అంత…" అన్నాను.

"మీ నాయన కోసం కాదు" అంది. "నువ్వొచ్చేదాకా మీ నాయన కోసం ఏడ్చా. నువ్వొచ్చి పక్కన కూచున్నాక ఏడ్చా. ఆ ఒక్క ఊపిరి మటుకు ఏడుపు కాదు. ఆ లైటు చూశా, నీ మొహం చూశా. కళ్ళల్లో నీళ్ళు లెవ్వు. ఎప్పుడైపోద్దా అన్నట్టు నిలబడున్నావ్. జడుసుకున్నానే. ఈ పిల్ల ఎవురా అనుకున్నా."

మైకు దగ్గరగా ఉండటం కాదు. ఒకటో నెంబరు విని మనుషులు వెనక్కి జరిగింది అందుకు. ఒక తల్లి తన కడుపున పుట్టినదాన్ని చూసి జడుసుకున్న ఊపిరి అది. దాన్ని కోసి, శుభ్రం చేసి, డప్పు కింద పరిచి, రెండు రాష్ట్రాలకీ పంచిపెట్టింది నేనే. మీరు దానికి డాన్సు చేశారు. నాకు ఆ క్షణం గుండె పగిలి ఉండాలి. పట్టీ వంక చూశాను. చూశానన్నది కూడా అమ్మ గమనించింది.

"నేను పోతే ఏడుపొస్తదా నీకు?" అని అడిగింది, కోపంగా కాదు.

"ఇంకా ముప్పై మూడు రోజులు కావాలమ్మా."

"రాకపోతే నోరు మూసుకుని నా పక్కన కూచో. తప్పేం లేదు. నటించబాక మటుకు. నటిస్తే నాకు తెలుస్తది."

"పోయాక ఎట్టా తెలుస్తుంది?"

"నాకు తెలవకపోతే ఇంకెవురికి తెలుస్తదే" అంది. డిప్ప తీసి నా చెవి మీద తనే పెట్టి, అటు తిరిగి పడుకుంది.

తర్వాత నేను ఒక మంచిపని చేశాననుకున్నాను. మళ్ళీ ఒక్క రోజు కూడా డిప్పలు తియ్యలేదు. స్నానం చేస్తున్నా తలకి గుడ్డ చుట్టుకుని వాటితోనే. అమ్మకి మాట్లాడాలనిపించినప్పుడు నా మొహంలోకి చూసి పెదాలు కదిపేది. నేను ఊహించుకుని జవాబు చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి తను పెదాలు కదపడం మానేసింది. రోజుల లెక్క ఇరవై అయింది, ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది. పట్టీలో ఒకసారి మూడు వచ్చింది. మూడు! వంటింట్లో పాత కండెల బుట్ట చూసినప్పుడు వచ్చింది. ఆ సంబరం అమ్మతో చెప్పుకోవాలని వెళ్ళాను, నిద్రపోతోందని తిరిగొచ్చాను.

ఇరవై తొమ్మిదో రోజు ఉదయం పదిన్నరకి పెరట్లో అమ్మ బట్టలు ఉతుకుతున్నాను. ఎవరో భుజం పట్టి కుదిపారు. సీతారావమ్మ పిన్ని. ఏదో అరుస్తోంది. డిప్పలు తీశాను.

"ఎందాకని పిలుస్తదే మీ అమ్మ? మా వంటింట్లోకి వినపడింది. ఝాన్సీ, ఝాన్సీ అని. నువ్వున్నావు గదా అని నేను ఊరుకున్నా. పిలుపు ఆగిపోతే అనుమానమొచ్చి వచ్చా."

లోపలికి పరిగెత్తాను. అమ్మ మంచం మీద సగం లేచి, గోడకి జారగిలపడి ఉంది. చెయ్యి పెరటి తలుపు వైపు చాచి ఉంది. అయిపోయింది.

మధ్యాహ్నానికి పేటంతా వచ్చింది. కింద చాప మీద అమ్మని పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. నేను పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నన్ను వాటేసుకున్నారు. వాళ్ళ చేతులు నా వీపు మీద ఉన్నాయి, గొంతులు రాలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆనవాయితీ చేతులకి గుర్తుంది, కళ్ళకి లేదు. కాసేపు అలా పట్టుకుని, ఇక చాలా అన్నట్టు వదిలేసి, వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరో టీలు ఇచ్చారు. ఆ పేటలో ఇంటింటి చావుకీ ఏడ్చిన మనిషి శవం చుట్టూ కూర్చుని వాళ్ళు టీలు ఊదుకుంటూ తాగారు. వాళ్ళ పీకలు పిసకాలనిపించింది. పిసికితే ముందు నాది పిసకాలి.

పాడె కట్టడం అయిపోయింది. మగవాళ్ళు లోపలికి వచ్చారు. సీతారావమ్మ పిన్ని నా పక్కన చతికిలపడి, నా భుజం చుట్టూ చెయ్యి వేసి, చెవిలో అంది.

"ఒక్క మాటన్నా ఏడవ్వే. ఇట్టా మూగదాన్ని లేపినట్టు లేపుతారా మీ అమ్మని? ఆమెకి ఆమాత్రం లేదా?"

అందరూ నా వంకే చూస్తున్నారు. నా లోపల వెతికాను. ఆ మూడు కూడా లేదు. అమ్మ ఏం చెప్పిందో తెలుసు. నోరు మూసుకుని కూర్చోమంది. ఆ ఒక్క మాటైనా వినాల్సింది.

వినలేదు. నోరు తెరిచాను.

"ఓ అమ్మా… నన్నిడిచి ఎట్టా పోయావే అమ్మా… కండెలు చుట్టే చేతులు కట్టుకుని పడుకున్నావా అమ్మా…"

రెండేళ్ళు రోజుకి ఎనిమిది గంటలు ఆ గొంతు కోసి, కొలిచి, అతికినదాన్ని నేను. రాగం ఎక్కడ ఎత్తాలో తెలుసు, ఎక్కడ విరగాలో తెలుసు. వాక్యం చివర ఊపిరి ఎంత లాగాలో, జీర ఎంతసేపు నిలవాలో వెంట్రుకవాసి తేడా లేకుండా తెలుసు. ఒక్క తప్పు లేదు. అచ్చం అమ్మే ఏడుస్తున్నట్టుంది. నా కళ్ళు పొడిగా ఉన్నాయి, ఆ సంగతి నాకు తెలుస్తోంది, అయినా ఆపలేదు. బాగా వస్తోంది కూడా అనిపించింది.

రెండో వాక్యం ఎత్తుకునేసరికి నా భుజం మీది చెయ్యి తేలికయింది. సీతారావమ్మ పిన్ని నా మొహంలోకి చూస్తోంది. చెయ్యి మెల్లగా తీసేసుకుంది. చాప మీద నుంచి వెనక్కి జరిగింది. ఇంకా జరిగి, వెనకనున్న కోడల్ని తగిలి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే లేచి నిలబడ్డారు. పాడె దగ్గరి మగవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. ఎవరి కళ్ళల్లోనూ నీళ్ళు లేవు. అందరూ నన్నే చూస్తున్నారు, ఈ పిల్ల ఎవరా అన్నట్టు.